రాబిన్ ఓల్డ్స్ ఆత్మకథ: ఎంత నమ్మాలి, ఎక్కడ ఆగి చదవాలి

తమ్ముడూ, ఈ పుస్తకం నేను మూడుసార్లు చదివాను, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టు. నువ్వు అడిగింది ఇది: అమెరికా ఫైటర్ పైలట్ రాబిన్ ఓల్డ్స్ ఆత్మకథ 'ఫైటర్ పైలట్' మొదలుపెట్టావు, కొంత చదివేసరికి ఆయన తన గొప్పలు తానే చెప్పుకుంటున్నట్టు అనిపించి పక్కన పెట్టేశావు. ఇందులో ఎంత నమ్మొచ్చు, విమానాల గురించి పెద్దగా తెలియనివాళ్లు ఇది చదివితే ఏం వస్తుంది అని.

ముందు నేనెవరో చెప్పాలి. నేను పైలట్‌ని కాదు. ఇరవై ఏళ్లు మన వైమానిక దళంలో వెపన్ ఫిట్టర్‌గా చేశాను, అందులో ఎక్కువ కాలం మిగ్-21 మీదే. అంటే ఓల్డ్స్ ఏ విమానాన్ని కూల్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారో, ఆ రకం విమానం రెక్కల కింద మిసైళ్లు ఎక్కించడమే నా ఉద్యోగం. అందుకని ఈ పుస్తకం నాకు అందరికీ కనిపించినట్టు కనిపించదు. కాక్‌పిట్‌లో ఏం జరిగిందన్నదాని కంటే, ఆ కాక్‌పిట్ పైకి లేవడానికి ముందు కింద ఏం జరిగిందన్నదాని మీదే నా కళ్లు పడతాయి. నా జవాబు కూడా అటే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నాను.

నమ్మకం సంగతి. ఓల్డ్స్ 2007 జూన్ 14న చనిపోయారు. పుస్తకం వచ్చింది 2010లో. ఆయన రాసి పెట్టుకున్న కాగితాలు, చెప్పిన కథలు అన్నీ పోగేసి కూతురు క్రిస్టీనా ఓల్డ్స్, ఎడ్ రాసిమస్ అనే ఇంకో పైలట్ కలిసి దాన్ని పూర్తి చేశారు. రాసిమస్ కూడా వియత్నాంలో ఎఫ్-105, ఎఫ్-4 అనే యుద్ధ విమానాలు రెండూ నడిపిన మనిషి, అంచేత సాంకేతిక విషయాల్లో పొరపాట్లు దొర్లే అవకాశం తక్కువ. కానీ మాట ఓల్డ్స్‌దే అయినా ఆ కూర్పు, ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్న నిర్ణయం పూర్తిగా ఆయనది కాదన్నది గుర్తుపెట్టుకుని చదవాలి.

ఇక లెక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో గాలిలో 12, వియత్నాంలో 4, మొత్తం 16 విమానాలు కూల్చినట్టు అమెరికా వైమానిక దళం రికార్డుల్లో ఉంది. ఇది గట్టి లెక్క. కానీ 1967 జనవరి 2న జరిగిన ఆయన అతి పెద్ద పోరాటంలో అమెరికా వాళ్లు ఏడు మిగ్-21లు పడగొట్టామంటారు, వియత్నాం వాళ్లు పోయినవి ఐదే అంటారు. దీన్ని అబద్ధం అనడానికి లేదు. మబ్బుల మీద, ధ్వని వేగానికి దగ్గరలో, తల అటూ ఇటూ తిప్పుకుంటూ పావుగంట సేపు పోరాడినవాళ్లు ఎవరు ఏది చూశారో అది చెబుతారు. అందుకని అంకెల కోసం ఎప్పుడూ అవతలి పక్షం లెక్క కూడా పక్కన పెట్టుకో, అనుభవం కోసం మాత్రం ఆయన్ని నమ్ము. నా పద్ధతి అదే.

గొప్పలు చెప్పుకున్నారా? చెప్పుకున్నారు. ఆ గొంతు అలాగే ఉంటుంది. నేను దగ్గర నుంచి చూసిన మంచి ఫైటర్ పైలట్లు అందరిలోనూ ఆ ధీమా ఉంది, అది లేకపోతే ఆ సీటులో కూర్చోలేరు. అయితే నువ్వు పుస్తకం ఆపేయడానికి ముందో తర్వాతో 1944 ఆగస్టు 25 నాటి సంగతి ఉంటుంది, అది చదివావా? చదవకపోతే చెబుతాను విను.

అప్పటికి ఆయనకి 22 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని వాటిషామ్ నుంచి పి-38 లైట్నింగ్ నడుపుతున్నారు, అది రెండు ఇంజన్ల విమానం. దూరం వెళ్లాలి కాబట్టి రెక్కల కింద అదనపు పెట్రోలు ట్యాంకులు ఉంటాయి, శత్రువు కనిపించగానే వాటిని వదిలేయాలి. వదిలేసే ముందు ఇంధనం మీట తిప్పి విమానం లోపలి ట్యాంకులకి మార్చుకోవాలి. ఎదురుగా నలభై యాభై దాకా జర్మన్ మెసర్‌ష్మిట్ ఫైటర్లు, వీళ్లు ఇద్దరే. ఆ ఊపులో ఓల్డ్స్ ట్యాంకులు వదిలేశారు, మీట తిప్పడం మర్చిపోయారు. సరిగ్గా శత్రు విమానం గురిలోకి వచ్చేసరికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. ఆయన ఏం చేశారంటే, ముందు తుపాకీ నొక్కారు. ఆ విమానం పడిపోయింది. తర్వాత ఇంధనం మీట తిప్పి ఇంజన్లు మళ్లీ రాజేసుకున్నారు. ఆ రోజు మూడు కూల్చి, అంతకు పదకొండు రోజుల ముందు కూల్చిన రెంటితో కలిపి ఐదు పూర్తి చేసి 'ఏస్' అయ్యారు. తన జీవితంలో అంత పెద్ద రోజుని చెబుతూ, తను చేసిన పొరపాటుని దాచకుండా, మధ్యలో పెట్టి చెప్పే మనిషి ఉత్త గొప్పలు చెప్పుకునేవాడు అనిపించడం లేదు నాకు. నేను పనిచేసిన చోట ఇంధనం మీట సంగతి మర్చిపోయిన పైలట్ ఆ మాట ఎవరికీ చెప్పకుండా ఉండటానికే చూసేవాడు.

బాల్యం, చదువు సంగతులు త్వరగా తిప్పేసినా నష్టం లేదు. తండ్రి రాబర్ట్ ఓల్డ్స్ కూడా వైమానిక దళంలో మేజర్ జనరల్, కొడుకుని ఎనిమిదేళ్ల వయసులో విమానం ఎక్కించినవాడు. కొడుకు వెస్ట్ పాయింట్ మిలిటరీ అకాడమీలో ఫుట్‌బాల్‌లో దేశమంతా తెలిసిన ఆటగాడు, 1943లో పట్టా పుచ్చుకున్నాడు, తండ్రి దానికి కొన్ని వారాల ముందే చనిపోయాడు. 1947లో ఎల్లా రెయిన్స్ అనే సినిమా నటితో పెళ్లి. ఆ దాంపత్యం చివరికి నిలబడలేదు, 1976లో విడిపోయారు. విమానాల స్థావరాల్లో కాపురం ఆమెకి నచ్చలేదు, అవి వదిలి ఉండటం ఈయనకి చేతకాలేదు. ఆ భాగాల్లో ఆయన మనసు బరువుగానే ఉంటుంది కానీ ఆమె వైపు నుంచి కథ మనకి దక్కదు. పుస్తకంలో నాకు లోటుగా అనిపించిన మొదటి చోటు అది.

1945 నుంచి 1966 వరకు, అంటే ఇరవై ఏళ్ల పైనే, ఆయన యుద్ధానికి వెళ్లలేదు. కొరియా యుద్ధానికి పంపమని ఎంత అడిగినా పంపలేదు. పెంటగాన్‌లో కూర్చుని కాగితాలు రాశారు. అణుబాంబు ఒక్కటే చాలనుకుంటున్నారు, రేపు మామూలు బాంబులతో, ఎదురెదురు పోరాటంతో యుద్ధం వస్తే మన కుర్రాళ్లకి శిక్షణ లేదు అని మొత్తుకున్నారు, వినలేదు. 1963 తర్వాత ఇంగ్లండ్‌లోని బెంట్‌వాటర్స్‌లో ఒక వింగ్‌కి (కొన్ని స్క్వాడ్రన్లు కలిసిన దళం) అధిపతిగా ఉన్నప్పుడు అనుమతి లేకుండా ఎఫ్-101 విమానాలతో విన్యాసాల టీమ్ తయారుచేసి, తనే ముందు నడిపి, ప్రజల ముందు ప్రదర్శన ఇచ్చారు. పై అధికారి కోర్టు మార్షల్ చేస్తానన్నాడు. చివరికి అక్కడి నుంచి తీసేసి, రావలసిన పతకం ఆపేసి, వెనక్కి పంపారు. చాలామంది ఈ భాగం సరదా కథలా చదువుతారు. నేను అలా చదవలేకపోయాను. క్రమశిక్షణ తప్పడం తప్పే. ఆ టీమ్‌లో ఏదైనా విమానం కూలి ఉంటే ఆ పాపం ఎవరిది అని ఒక ఫిట్టర్‌కి తప్పకుండా తోస్తుంది. ఆయన్ని ఎంత ఇష్టపడినా ఈ ఒక్క చోట నేను ఆయన పక్షం కాదు.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. 1966 సెప్టెంబరు 30న థాయ్‌లాండ్‌లోని ఉబోన్ స్థావరంలో ఎనిమిదో టాక్టికల్ ఫైటర్ వింగ్ పగ్గాలు తీసుకున్నారు. వయసు 44. విమానం ఎఫ్-4సి ఫాంటమ్, అది ఆయనకి కొత్త. పద్నాలుగు దశల శిక్షణని ఐదు రోజుల్లో పూర్తి చేసుకుని వచ్చారు, నేర్పినవాడు బెంట్‌వాటర్స్‌లో తన కింద పనిచేసిన పైలటే. ఉబోన్‌లో పరిస్థితి బాగాలేదు. అంతకు ముందున్న అధికారి పది నెలల్లో పన్నెండు మిషన్లు మాత్రమే ఎగిరారు. కింద కుర్రాళ్లు రోజూ హానోయ్ వైపు వెళ్తున్నారు, కొందరు తిరిగి రావడం లేదు, పైవాడు ఆఫీసులో ఉన్నాడు.

ఓల్డ్స్ వచ్చి చేసిన మొదటి పని ఏమిటంటే తన పేరుని రోస్టర్‌లో కొత్త పైలట్ల వరుసలో వేయించుకున్నారు. కల్నల్ హోదాలో ఉన్న మనిషి, రెండో ప్రపంచ యుద్ధం ఏస్, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు లీడ్ చేస్తుంటే వాళ్ల రెక్క పక్కన వింగ్‌మన్‌గా ఎగిరారు. నాకు నేర్పండి, మంచిగా నేర్పండి, ఎందుకంటే త్వరలో మిమ్మల్ని నేను ముందుండి నడిపించాలి అన్నది ఆయన చెప్పిన మాట సారాంశం. ఈ పుస్తకంలో నువ్వు ఆగి చదవాల్సిన చోటు ఇదే తమ్ముడూ. మిగ్‌లు కూల్చడం దీని తర్వాత వచ్చింది, దీనివల్లే వచ్చింది.

దీని విలువ నాకెందుకు తెలుసో చెబుతాను. మా స్క్వాడ్రన్‌లో మిసైల్ ట్రాలీ ఒకటి ఉండేది, దాని హైడ్రాలిక్ జాకీ కారిపోయేది. సగం ఎత్తాక మెల్లగా కిందకి దిగిపోయేది, అప్పుడు మేం ముగ్గురం భుజాలు పెట్టి ఆపాలి. రాసిచ్చాం, మూడుసార్లు రాసిచ్చాం, కాగితం ఎక్కడికి పోయిందో తెలియదు. కొత్తగా వచ్చిన సీఓ (కమాండింగ్ ఆఫీసర్) ఒకరు ఒక రాత్రి టార్చి పట్టుకుని డిస్పర్సల్‌కి, అంటే విమానాలు నిలిపే చోటికి, వచ్చారు, చెప్పా పెట్టకుండా. మా పక్కన గొంతుకూర్చుని 'దీనితో మీకు ఇబ్బంది ఏమిటి' అని అడిగారు. చెప్పాం. తనే జాకీ హ్యాండిల్ పట్టుకుని పంపు కొట్టి చూశారు, అది ఆయన చేతిలోనే దిగిపోయింది. ఏమీ అనలేదు, చేతికంటిన నూనె తుడుచుకుని వెళ్లిపోయారు. వారం తిరగకుండా కొత్త జాకీ వచ్చింది. ఆ తర్వాత ఆ మనిషి ఎక్కే విమానం ఎఫ్-700లో సంతకం పెట్టేటప్పుడు నేను ప్రతి కనెక్టరూ రెండోసారి చూసేవాణ్ని. అంతకు ముందు ఒకసారి చూసినా సరిపోతుందని నియమమే చెబుతుంది. అయినా రెండోసారి చూసేవాణ్ని. ఎఫ్-700 అంటే ప్రతి విమానానికీ ఉండే పుస్తకం, ఇంజన్, ఎలక్ట్రికల్, వెపన్ ఇలా ఒక్కో ట్రేడ్ వాళ్లు సంతకం పెట్టాకే పైలట్ సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు. ఉబోన్‌లో ఎవరెవరు ఏయే కాగితం మీద సంతకాలు పెట్టారో గానీ, అక్కడి కుర్రాళ్లకి కూడా నాకు పట్టిందే పట్టి ఉంటుంది.

ఇక ఆపరేషన్ బోలో, ఇందాక చెప్పిన 1967 జనవరి 2 నాటి పోరాటం. ఇది అర్థం కావాలంటే అప్పటి చిక్కు తెలియాలి. అమెరికా వాళ్ల ఎఫ్-105 విమానాలు బాంబులు మోసుకుని హానోయ్ మీదకి వెళ్లేవి. బాంబుల బరువుతో అవి గట్టిగా మలుపు తిరగలేవు. మిగ్-21లు మెరుపులా వచ్చి వెనక నుంచి ఒక దెబ్బ కొట్టి వెళ్లిపోయేవి. కూల్చకపోయినా సరే, వాటిని చూసి ఎఫ్-105లు తప్పించుకోవడానికి బాంబులు మధ్యలోనే పారేస్తే మిగ్‌ల పని అయిపోయినట్టే. మిగ్‌లు ఉండే ఎయిర్‌ఫీల్డుల మీద బాంబులు వేయడానికి అప్పట్లో వాషింగ్టన్ అనుమతి లేదు. మరి వాటిని గాలిలోకి రప్పించడం ఎలా?

ఓల్డ్స్ ఈ పని కెప్టెన్ జాన్ స్టోన్‌కి, ఇంకొందరు కుర్ర ఆఫీసర్లకి అప్పజెప్పారు. కెప్టెన్‌కి, చూడు. వాళ్లు తేల్చింది ఏమిటంటే ఎఫ్-4లు ఎఫ్-105ల వేషం వేసుకుని వెళ్లాలి. అదే దారి, అదే ఎత్తు, అదే వేగం, గాలిలో పెట్రోలు నింపుకునేది అదే చోట, రేడియోలో మాట్లాడే తీరు కూడా అదే. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎఫ్-105ల రెక్క కింద రాడార్లను గందరగోళపరిచే క్యూఆర్‌సీ-160 అనే జామింగ్ పాడ్‌లు ఉండేవి. అప్పటికి ఎఫ్-4లకి అవి లేవు. రాడార్ తెర ముందు కూర్చున్న వియత్నాం ఆపరేటర్‌కి ఆ పాడ్ సంకేతం కనిపిస్తే అది ఎఫ్-105 అనే లెక్క. అంచేత ఆ పాడ్‌లు తెచ్చి ఫాంటమ్‌లకి బిగించాలి, ఎప్పుడూ బిగించని చోట.

ఈ వాక్యం దగ్గర నేను మూడుసార్లూ ఆగిపోయాను. చదివేవాళ్లకి ఒక్క వాక్యంలో 'పాడ్‌లు బిగించారు' అయిపోతుంది. కొత్త స్టోర్ (రెక్కకి తగిలించే పాడ్, బాంబు లాంటిది) ఒక విమానం రెక్క కింద పెట్టడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకి అది అంత తేలిక కాదు. బోల్టు రంధ్రాలు సరిపోవాలి, వైరింగ్ అక్కడిదాకా రావాలి, కాక్‌పిట్‌లో స్విచ్ ఉండాలి, అది ఒక రెక్క కిందే ఉంటుంది కాబట్టి బరువు ఒకవైపు లాగకుండా రెండోవైపు ఏం పెట్టాలో చూసుకోవాలి. గడువు దగ్గరపడుతుంటే, ఎందుకో చెప్పకుండా, ఒకటి కాదు డజన్ల విమానాలకి. దాన్ని రాత్రుళ్లు కూర్చుని చేసినవాళ్ల పేర్లు పతకాల జాబితాలో ఉండవు. ఓల్డ్స్ ఆ మనుషుల్ని మర్చిపోలేదు, నాకు ఆయన మీద గౌరవం అక్కడే స్థిరపడింది.

1967 జనవరి 1న వెళ్లాల్సింది వాతావరణం బాగోక ఒక రోజు ఆగింది. 2వ తేదీన కూడా మిగ్‌ల స్థావరం ఫుక్ యెన్ మీద మబ్బు దుప్పటిలా పరుచుకునే ఉంది. రేడియోలో పిలుచుకునే కాల్‌సైన్‌లు కార్ల పేర్లు: ఓల్డ్స్ (ఓల్డ్స్‌మొబైల్ కారు), ఫోర్డ్, రాంబ్లర్. మొదటి నాలుగు విమానాల ముందు ఓల్డ్స్, వెనక సీటులో లెఫ్టినెంట్ చార్లెస్ క్లిఫ్టన్. మొదట స్థావరం మీదుగా వెళ్తే ఎవరూ పైకి రాలేదు. మబ్బుల వల్ల కింద వాళ్లు ఆలస్యం చేశారు. వీళ్లు వెనక్కి తిరిగి మళ్లీ వస్తుంటే మబ్బుల్లోంచి ఒక్కొక్కటిగా మిగ్‌లు తేలాయి. బరువైన ఎఫ్-105లు దొరుకుతాయని వచ్చినవాళ్లకి ఎదురుగా మిసైళ్లతో ఫాంటమ్‌లు కనిపించాయి.

ఓల్డ్స్ మొదట వదిలిన మిసైళ్లు తగల్లేదు. ఇది కూడా దాచలేదు. రెండో మిగ్ ఎడమవైపు మలుపు తిరుగుతుంటే, దాని వెంట అదే మలుపులో పడకుండా విమానాన్ని పైకి లేపి, తలకిందులుగా దొర్లించి, మిగ్ పైన ఒక క్షణం ఆగినట్టు ఉండి, అది తిరిగి వచ్చే చోటికి వెనక నుంచి దిగారు. వేడిని పట్టి వెంటాడే సైడ్‌వైండర్ మిసైళ్లు రెండు వదిలారు. ఒకటి తగిలి మిగ్ కుడి రెక్క ఊడిపోయింది. ప్లాన్ వేసినవాళ్లలో స్టోన్, రాల్ఫ్ వెటర్‌హాన్ ఇద్దరూ కూడా ఆ రోజు చెరొకటి కూల్చారు. అమెరికా వైపు ఒక్క విమానమూ పోలేదు.

ఆ సైడ్‌వైండర్ గురించి ఒక మాట, నా పనికి సంబంధించింది. 1958లో తైవాన్ దగ్గర జరిగిన పోరాటంలో ఒక సైడ్‌వైండర్ చైనా మిగ్-17కి గుచ్చుకుని, పేలకుండా, అలాగే ఇంటికి చేరింది. అది సోవియట్ వాళ్ల చేతికి వెళ్లింది, విప్పి చూసి దానిలాంటిదే తయారుచేశారు. అదే కె-13. మిగ్-21కి మేం ఎక్కించింది అదే. అంటే ఆ రోజు ఫుక్ యెన్ మీద రెండు పక్షాల రెక్కల కింద ఉన్నవి కవల పిల్లల్లాంటివి. కె-13 దాదాపు 75 కిలోలు, మూడు మీటర్లకి కాస్త తక్కువ పొడవు. ముక్కు దగ్గర చిన్న గాజు బుగ్గ ఉంటుంది, వేడిని చూసే కన్ను దాని వెనక ఉంటుంది. వేలి ముద్ర పడకూడదు, చివరి నిమిషం వరకు మూత ఉంచాలి. వెనక రెక్కల మూలల్లో చిన్న పళ్లచక్రాలు ఉంటాయి, గాలి తగిలి గిర్రున తిరిగి మిసైల్ దొర్లిపోకుండా నిలబెట్టేవి అవే. బిగించాక బొటనవేలితో ఒక్కొక్కటీ తిప్పి చూడటం మా అలవాటు, సన్నగా టకటకమని చప్పుడు వచ్చేది. చెన్నకేశవుడి దయ అనుకుంటూ వదిలేసే పని కాదది, నాలుగు చక్రాలూ తిరగాలి. పుస్తకంలో ఆయన సైడ్‌వైండర్ వదిలిన ప్రతిసారీ నాకు ఆ చప్పుడే వినిపిస్తుంది.

దీనికి తోక ఇంకోటి ఉంది. 1967 వేసవికి ఉబోన్‌కి కొత్త ఎఫ్-4డి విమానాలు వచ్చాయి, వాటికి సైడ్‌వైండర్ బదులు ఫాల్కన్ అనే మిసైల్ ఇచ్చారు. దాని కన్ను చల్లబరచాకే పనిచేస్తుంది, చల్లబరిచే సరుకు రెండు నిమిషాలకి మించి రాదు, పైగా దగ్గరగా వెళ్తే పేలదు, నేరుగా తగిలితేనే పేలుతుంది. గిరగిర తిరిగే పోరాటంలో పైలట్ ముందుగా మీట వేయాలా, తర్వాత వేయాలా? ఓల్డ్స్ స్వయంగా వదిలి చూశారు, ఒక్కటీ పనిచేయలేదు. వెనక్కి వచ్చి ఆ విమానాల వైరింగ్ మార్చి సైడ్‌వైండర్లు పెట్టేయమన్నారు. పై నుంచి కాగితం వచ్చేదాకా ఆగలేదు. ఇందాక విన్యాసాల టీమ్ విషయంలో నేను ఆయన పక్షం కాదన్నాను, ఇక్కడ పూర్తిగా ఆయన పక్షమే. పనిచేయదని తెలిసిన ఆయుధం రెక్క కింద పెట్టి కుర్రాణ్ని పంపడం కంటే పెద్ద తప్పు మా ట్రేడ్‌లో లేదు.

తుపాకీ విషయం కూడా గమనించు. ఎఫ్-4సికి లోపల తుపాకీ లేదు, మిసైళ్ల కాలంలో ఇక తుపాకీతో పనేముంది అనుకున్నారు. అవతల సోవియట్ వాళ్లదీ అదే పొరపాటు, మేం టైప్-77 అని పిలిచే మిగ్-21కి కూడా లోపల తుపాకీ ఉండేది కాదు, పొట్ట కింద వేరే పాడ్ తగిలించాలి. ఓల్డ్స్ దీనిమీద చెప్పినదంతా సూటిగా ఉంటుంది.

1967 మే 4న ఇంకో మిగ్-21, మే 20న ఒకే రోజు రెండు మిగ్-17లు. మొత్తం నాలుగు. ఐదోది కూల్చితే వియత్నాం యుద్ధంలో అమెరికా వైపు మొదటి ఏస్ అవుతారు. కానీ ఏస్ అయిన మరుక్షణం ప్రచారానికి ఇంటికి పిలిచేస్తారని ఆయనకి తెలిసింది. వింగ్‌ని వదిలి వెళ్లడం ఇష్టం లేక ఐదోదాని జోలికి పోలేదని ఆయనే చెప్పారు. దీన్ని నమ్మాలా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. నేను నమ్ముతాను. ఆగస్టు 11న హానోయ్‌లోని పాల్ డూమర్ వంతెన మీద దాడికి ముందుండి నడిపినందుకు ఎయిర్ ఫోర్స్ క్రాస్ వచ్చింది, అది అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ తర్వాతి స్థాయిది. సెప్టెంబరు దాకా 152 మిషన్లు ఎగిరారు. వింగ్ అధిపతి అన్ని ఎగరనక్కర్లేదు.

ఆ మీసం కథ నీకు తెలిసే ఉంటుంది. నిబంధనలకి విరుద్ధంగా మెలితిప్పిన మీసం పెంచారు, కింద కుర్రాళ్లంతా పెంచారు. ఇంటికి వచ్చాక వైమానిక దళం అధిపతి జనరల్ మెక్‌కానెల్ ఎదురుగా వచ్చి, ముక్కు కింద వేలు పెట్టి, తీసెయ్ అన్నారు. ఈయన యెస్ సర్ అన్నారు. అంతే, తీసేశారు.

దానికంటే నన్ను కదిలించింది 1971 నాటి సంగతి. అప్పటికి ఆయన బ్రిగేడియర్ జనరల్. మళ్లీ ఆగ్నేయాసియా తిరిగి చూసి వచ్చి, మన పైలట్లకి గాలిలో ఎదురు పోరాటం చేతకావడం లేదు అని నివేదిక ఇచ్చారు. నా స్టార్ తీసేసుకోండి, కల్నల్‌గా దించండి, కానీ నన్ను మళ్లీ అక్కడికి పంపండి అని అడిగారు. ఒప్పుకోలేదు. 1973లో రిటైరయ్యారు. హోదా తగ్గించుకుంటానని అడిగిన జనరల్‌ని నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు, వినలేదు.

లోటుల్లో రెండోది అవతలి మనుషులు. నాయకుల మీద, లక్ష్యాలు వాషింగ్టన్‌లో కూర్చుని ఎంపిక చేయడం మీద ఆయన కోపం పేజీల కొద్దీ ఉంటుంది, అందులో న్యాయం ఉంది. కానీ కింద బాంబులు పడిన ఊళ్లు, మబ్బుల్లోంచి పైకి వచ్చిన ఆ మిగ్ కుర్రాళ్లు ఈ పుస్తకంలో మనుషులుగా కనిపించరు. జనవరి 2న కూలిన మిగ్‌లలో ఒకదానిలోంచి పారాచూట్‌తో దిగినవాడు న్గుయెన్ వాన్ కోక్. తర్వాత అతను మళ్లీ ఎగిరి, వియత్నాం లెక్కల్లో తొమ్మిది కూల్చి, ఆ దేశంలో అందరికంటే పెద్ద ఏస్ అయ్యాడు. అతని మిగ్‌కి ఆ పొద్దున మిసైళ్లు ఎక్కించిన ఫిట్టర్, రాత్రికి విమానం తిరిగి రాక, దాన్ని నిలిపే ఖాళీ చోటు దగ్గర నిలబడి ఉంటాడు. అది నేను చూసిన దృశ్యం కాబట్టి రాస్తున్నాను. విమానం రాకపోతే నిచ్చెన అక్కడే ఉంటుంది, చక్రాలకి అడ్డం పెట్టే చాక్‌లు అక్కడే ఉంటాయి, వాటిని తీసి లోపల పెట్టడానికి ఎవరికీ చేతులు రావు.

చివరగా నీకు నా సలహా. మొదట్నుంచి మళ్లీ చదవాలని పట్టుబట్టకు. ఉబోన్ చేరే అధ్యాయం తెరిచి అక్కడ్నుంచి మొదలుపెట్టు, బోలో దాకా వెళ్లు, అప్పుడు వెనక్కి వచ్చి 1944 చదువు. అదే కుర్రాడు ఈ పెద్దమనిషి ఎలా అయ్యాడో అప్పుడు తెలుస్తుంది. అర్థం కాని విమానం పేరు దగ్గర ఆగిపోకు, సాగిపో. ఓల్డ్స్ నడిపిన ఫాంటమ్ ఒకటి, స్కాట్ 27, అమెరికాలోని డేటన్‌లో వైమానిక దళం మ్యూజియంలో ఉంది, దాని ఫొటోలు తేలిగ్గా దొరుకుతాయి, పక్కన పెట్టుకుని చదివితే సగం సందేహాలు తీరిపోతాయి. మిసైళ్ల గురించి, పాడ్‌ల గురించి ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే రాయి, కాగితం మీద బొమ్మ గీసి ఫొటో తీసి పెడతాను.